‘స్టార్’ అన్నవన్నీ ఒకటి కావు

శీర్షిక: పనిముట్టు – పనితనం



మనలో చాలామంది ప్రతిదినమూ హౌరా వంతెన దాటి విధులకు వస్తూ ఉంటారు. 1943లో రాకపోకలకు తెరచిన ఆ వంతెన రివెట్లతో కూర్చినది. రివెట్‌ను ఒకసారి కొట్టిన తరువాత మళ్ళీ విప్పే ఉద్దేశం ఉండదు. స్క్రూ స్వభావం వేరు. అది బిగించడానికి ఎంత అక్కరకు వస్తుందో, అవసరమైనప్పుడు విప్పడానికీ అంతే అక్కరకు రావాలి. విప్పడానికి వీలులేని స్థితికి వచ్చిన స్క్రూ తన ప్రయోజనంలో సగం కోల్పోయినట్లే. అందుచేత ఈ మాసం స్క్రూ తల గురించి, దానిలో దిగవలసిన బిట్టు గురించి ముచ్చటించుకుందాం.

గత మాసం ఒక ఆదివారం ఉదయం మా క్వార్టర్సులో పక్కింటి సోదరి వచ్చి, వంటింటి అలమార తలుపు వాలిపోయిందని, కీలు సర్దబోతే స్క్రూ తల చెడిపోయిందని చెప్పారు. వెళ్ళి చూస్తే ప్లస్ ఆకారపు గాడి అరిగి, గుండ్రని గుంటగా మారి ఉన్నది. ఇంటర్ చదువుతున్న వారి అబ్బాయి స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని తలవంచుకుని నిలబడ్డాడు.

“ఇంట్లో ఉన్న స్టార్ స్క్రూడ్రైవరుతోనే తిప్పాడు అన్నయ్యగారూ. కొత్తదే, మొన్ననే కొన్నాం. వీడికి చేయి తిరగక పాడుచేశాడు” అన్నారామె.

అబ్బాయి చేతిలో లోపమేమీ లేదు. స్క్రూడ్రైవరు మంచిదే, స్క్రూ కూడా మంచిదే. అయితే ఆ రెండూ ఒక జాతివి కావు. ప్లస్ గాడి గల స్క్రూలలో మన చేతికి తరచుగా వచ్చేవి మూడు జాతులు ఉన్నాయి. మూడింటినీ మనం ‘స్టార్’ అనే ఒకే పేరుతో పిలుస్తున్నాం. పేరు ఒకటే కావడంతో వాటి మధ్య తేడా మన దృష్టికి రావడం లేదు. అసలు ఇబ్బంది ఇక్కడే ఉన్నది.

ఒంటి గాడి నుండి ప్లస్ గాడి వరకు

పూర్వం స్క్రూ తల మీద ఒకే గాడి ఉండేది. మన కార్మిక సోదరులు ‘మైనస్’ అని పిలిచేది దానినే. దానిని తయారుచేయడం సులభం. గాడిలో రంగు, మురికి పేరుకుంటే మొనతో గీకి తీయవచ్చు. అయితే స్క్రూడ్రైవరును గాడి మధ్యలో నిలిపి ఉంచే ఏర్పాటు దానిలో లేదు. చేయి కొంచెం పక్కకు పోతే చాలు, బ్లేడు గాడి చివర నుండి జారి చుట్టూ ఉన్న రంగును గీస్తుంది, లేదా వస్తువును పట్టుకున్న ఎడమ అరచేతిలో దిగుతుంది. కెనడా దేశస్థుడు పి.ఎల్. రాబర్ట్‌సన్ ఈ విధంగా చేయి కోసుకున్న తరువాతనే చతురస్రపు గుంట గల స్క్రూను రూపొందించాడని చెబుతారు. దానికి 1909లో పేటెంటు లభించింది.

మోటారు కార్ల తయారీ పెరిగి, స్క్రూలను యంత్రాలతో బిగించవలసి వచ్చినప్పుడు ఒంటి గాడి లోపం మరింత స్పష్టమైంది. వేగంగా తిరిగే బిట్టు తనంతట తానే స్క్రూ మధ్యకు చేరి కుదురుకోవాలి. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరవాసి జాన్ పి. థాంప్సన్ దీనికి ప్లస్ ఆకారపు గాడిని పరిష్కారంగా సూచించి, 1933లో పేటెంట్లు పొందాడు. ఆ హక్కులను అదే నగరానికి చెందిన హెన్రీ ఎఫ్. ఫిలిప్స్ తీసుకుని, నిర్మాణాన్ని మెరుగుపరచి, 1936లో తన పేరున పేటెంట్లు పొందాడు. అమెరికన్ స్క్రూ కంపెనీ వాటిని తయారుచేసింది. కాడిలాక్ కార్ల తయారీలో అవి మొదట ప్రవేశించాయి. అప్పటినుండి ప్లస్ స్క్రూకు ఫిలిప్స్ పేరు స్థిరపడింది.

ఫిలిప్స్ బిట్టు ఎందుకు జారుతుంది?

ఫిలిప్స్ గాడి గోడలు నిటారుగా ఉండవు. పైన వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా, ఏటవాలుగా ఉంటాయి. బిట్టు సులభంగా లోపల కుదురుకోవడానికి ఈ వాలే కారణం. అయితే మేలు చేసిన ఈ వాలే కీడు కూడా చేస్తుంది. మనం తిప్పినప్పుడు బిట్టు రెక్క గాడి గోడను నెడుతుంది. గోడ ఏటవాలుగా ఉన్నందున ఆ బలంలో కొంతభాగం బిట్టును పైకి నెట్టుతుంది. తిప్పే బలం పెరిగేకొద్దీ పైకి నెట్టే బలం కూడా పెరుగుతుంది. మన చేయి క్రిందికి నొక్కే బలం దానికి చాలనప్పుడు బిట్టు గాడిలో నుండి ఎగిరి బయటపడుతుంది. ఆ ఎగురుటలో గోడల అంచులను కొంత కొరుక్కుపోతుంది. నాలుగైదుసార్లు ఇలా జరిగితే ప్లస్ గాడి గుంటగా మారుతుంది.

స్క్రూ మితిమీరి బిగుసుకోకుండా ఉండేందుకే ఫిలిప్స్ దీనిని కావాలని ఇలా నిర్మించాడని ఒక ప్రచారం ఉన్నది. 1930లనాటి మూల పేటెంట్లలో ఆ ఉద్దేశం చెప్పబడలేదు. 1949లో వెలువడిన తరువాతి పేటెంటులో మాత్రం ఈ జారుడు ఒక సదుపాయంగా ప్రస్తావించబడింది. ఉద్దేశం ఏదైనప్పటికీ మనం గుర్తుంచుకోవలసినది ఒకటే. ఫిలిప్స్ స్క్రూను తిప్పేటప్పుడు నొక్కు ఎక్కువగా, తిప్పు తక్కువగా ఉండాలి.

పోజిడ్రివ్: నాలుగు సన్నని గీతలు

ఈ జారుడును తగ్గించడానికి 1960ల ఆరంభంలో వచ్చినదే పోజిడ్రివ్. దీనిని రూపొందించినది బ్రిటన్‌లోని గెస్ట్ కీన్ అండ్ నెటిల్‌ఫోల్డ్స్ సంస్థ. ఈ పేరు కోల్‌కతా పాతకాపులకు కొత్త కాదు. ఆ సంస్థతో సంబంధం గల గెస్ట్ కీన్ విలియమ్స్ కర్మాగారం హౌరాలో ఉండేది. ‘నెటిల్‌ఫోల్డ్’ స్క్రూల పెట్టె ఒకప్పుడు ప్రతి వడ్రంగి సంచిలోనూ కనిపించేది. పోజిడ్రివ్ పుట్టినది ఆ మాతృసంస్థలోనే.

పోజిడ్రివ్ గాడి గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి. అందుచేత తిప్పే బలం తిప్పడానికే వినియోగమవుతుంది, బిట్టును పైకి నెట్టదు. అదిగాక ప్లస్ ఆకారపు నాలుగు చేతుల నడుమ, 45 డిగ్రీల వద్ద, మరి నాలుగు చిన్న గాళ్ళు ఉంటాయి. బిట్టు మొన మీద వాటికి సరిపోయే సన్నని పలుకులు ఉంటాయి. స్క్రూ తల మీద ప్లస్ గుర్తు చేతుల మధ్య వెంట్రుకల వంటి నాలుగు గీతలు కనిపిస్తే అది పోజిడ్రివ్ అని నిస్సందేహంగా చెప్పవచ్చు. కన్ను ఆనకపోతే భూతద్దంతో చూడండి.

ఇప్పుడు రెండూ కలగలిస్తే ఏమవుతుందో చూద్దాం. పోజిడ్రివ్ స్క్రూలో ఫిలిప్స్ బిట్టు పెడితే లోపలికి దిగుతుంది. దిగింది కనుక సరిపోయిందని మనం భ్రమపడతాం. కాని ఏటవాలు రెక్క నిటారు గోడను ఒక అంచున మాత్రమే తాకుతుంది. బలం పెట్టగానే జారుతుంది. పక్కింటి అలమార కీలుకు పట్టిన గతి ఇదే. ఐరోపా పద్ధతిలో తయారైన అలమార కీళ్ళలో సర్దుబాటు స్క్రూలు సాధారణంగా పోజిడ్రివ్ జాతివే. దీనికి విరుద్ధంగా, ఫిలిప్స్ స్క్రూలో పోజిడ్రివ్ బిట్టు పెడితే దాని అదనపు పలుకులు అడ్డుపడి బిట్టు పూర్తిగా లోపలికి దిగదు. అక్కడా తల చెడుతుంది.

1983లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 4757 ఈ రెండింటినీ వేర్వేరు రకాలుగా గుర్తించి, ఫిలిప్స్‌కు ‘హెచ్’ అని, పోజిడ్రివ్‌కు ‘జెడ్’ అని అక్షరాలు కేటాయించింది. అందుకే నాణ్యమైన బిట్ల మీద ఆంగ్లాక్షరాలలో ‘పి.హెచ్.’ అనో, ‘పి.జెడ్.’ అనో, పక్కన ఒక అంకెతో ముద్ర ఉంటుంది.

జపాను స్క్రూ: ఒక చిన్న చుక్క

మూడవ జాతి మన ఇళ్ళలోకి మోటారు సైకిళ్ళతో వచ్చింది. 1980లలో జపాను సంస్థల సహకారంతో మారుతి కార్లు, హీరో హోండా, యమహా ఆర్.ఎక్స్.100 వంటి వాహనాలు మన రోడ్ల మీదికి వచ్చినప్పుడు జపాను పారిశ్రామిక ప్రమాణాల ప్రకారం తయారైన ప్లస్ స్క్రూలు కూడా వెంట వచ్చాయి. చూపుకు ఇవి ఫిలిప్స్ వలెనే ఉంటాయి. కాని గాడి అడుగుభాగపు ఆకృతి వేరు. వీటిలో ఫిలిప్స్ బిట్టు పెడితే మొన ముందుగా అడుగును తాకి, రెక్కలు గోడలకు పూర్తిగా ఆనకుండానే ఆగిపోతుంది. చాలా స్క్రూల తల మీద గుర్తింపుగా ఒక చిన్న చుక్క ఉంటుంది.

“జపాను బండి స్క్రూలు మెత్తన, ఊరికే అరిగిపోతాయి” అని మెకానిక్కులు అనడం వినే ఉంటారు. ఆ నిందలో చాలా భాగం స్క్రూకు చెందదు, తప్పు బిట్టుకు చెందుతుంది. జపాను ప్రమాణపు బిట్టు పెడితే అదే స్క్రూ మర్యాదగా విడివడుతుంది. ఆ బిట్టు ఫిలిప్స్ స్క్రూలోనూ చక్కగానే పనిచేస్తుంది. ఫిలిప్స్ బిట్టు మాత్రం జపాను స్క్రూలో అలా పనిచేయదు.

చూపుకు ఒకటిగా ఉన్నవి గుణంలో వేరని చెప్పడానికి వేమన ఉప్పును, కర్పూరాన్ని ఎన్నుకున్నాడు. ఆయన మన వర్క్‌షాపులో ఉద్యోగం చేసి ఉంటే ఈ మూడు స్క్రూలనే ఎన్నుకునేవాడేమో.

నేను సంతకం చేసిన ఒక కాగితం

ఇదంతా గృహోపకరణాలకు సంబంధించిన చిన్న విషయమని భావించకండి. ఉద్యోగ జీవితపు తొలి సంవత్సరాలలో, 1990ల మధ్యకాలంలో, నేను ఒక కర్మాగారపు విద్యుత్ విభాగంలో పనిచేస్తున్నాను. దుర్గాపూజ సెలవులకు ముందు పంపుల కంట్రోలు ప్యానెళ్ళన్నింటినీ శుభ్రపరచి, టెర్మినల్ స్క్రూలను మళ్ళీ బిగించవలసిందిగా ఉత్తర్వు వచ్చింది. ఆ పని ఒక అనుభవజ్ఞుడైన టెక్నీషియన్‌కు అప్పగించాం. ఆయన పూర్వీకులు శ్రీకాకుళం నుండి రైల్వే పనికి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడినవారు. పేరు చెప్పడం ఉచితం కాదు కనుక మేస్త్రిగారు అందాం.

అష్టమి రాత్రి ఒక పంపు ఆగిపోయింది. ప్యానెల్ తెరిస్తే కాలిన వాసన. ఒక టెర్మినల్ దిమ్మ గోధుమరంగుకు మారి, తీగ పైపొర కరిగి ఉన్నది. వదులుగా ఉన్న చోట విద్యుత్ నిరోధం పెరుగుతుంది, వేడి పుడుతుంది, ఆ వేడికి సంధి మరింత వదులవుతుంది. ఈ క్రమం మరి కొన్ని గంటలు సాగి ఉంటే మంట లేచేది. అదృష్టవశాత్తు ఎవరికీ హాని కలగలేదు.

విచారణ జరిగింది. మేస్త్రిగారు చెప్పినది ఒకటే మాట. “నేను బిగించినాను బాబూ. కట్టుమని సేతికి తగిలింది. ఇంక తిరగలేదు.”

ఎవరూ నమ్మలేదు. పూజ సంబరంలో పని తొందరగా ముగించారని నిర్ణయించి మెమో ఇచ్చారు. విచారణ నివేదిక మీద ఉన్న మూడు సంతకాలలో చివరిది నాది.

రెండేళ్ళ తరువాత ఒక శిక్షణా తరగతిలో పోజిడ్రివ్ గురించి మొదటిసారి విన్నాను. తిరిగి వచ్చి అదే రకం టెర్మినల్‌ను భూతద్దం క్రింద చూశాను. ఒంటి గాడి, పోజిడ్రివ్ గాడి కలిసి ఉన్న మిశ్రమ తల అది. ఐరోపా పద్ధతి ఎం.సి.బి.లు, కాంటాక్టర్లలో ఇవి సామాన్యం. మేస్త్రిగారికి మేము ఇచ్చినది ఫిలిప్స్ స్క్రూడ్రైవరు. ఆయన చేతికి తగిలిన ‘కట్టు’ నిజమే. అది స్క్రూ బిగిసిన స్పర్శ కాదు, బిట్టు జారిన స్పర్శ. ఆ రెంటికీ తేడా చేతికి తెలియదు.

మరి ఆ స్క్రూడ్రైవరు ఎవరు తెప్పించారు? స్టోర్సుకు వెళ్ళి పాత ఇండెంటు తీయించాను. ‘స్క్రూడ్రైవర్, స్టార్, 150 మి.మీ., 12’ అని ఉన్నది. రకం లేదు, నంబరు లేదు. దస్తూరీ నాది.

మెమోను రద్దు చేయించడానికి కాగితం పెట్టాను. అప్పటికే ఆయన పదవీ విరమణ చేశారు, ఫైలు ముందుకు కదలలేదు. ఒక ఆదివారం ఖరగ్‌పూర్ వెళ్ళి జరిగినది ఆయనకు చెప్పి క్షమించమని కోరాను. రెండు స్క్రూడ్రైవర్లనూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన వాటిని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. “దీనికి ఏరే పేరున్నదని తెల్దు బాబూ. పేరు తెలీని దాన్ని ఎలాగ అడుగుతాం?” అన్నారు. నా మీద కోపగించుకుని ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది.

చూపును నమ్మరాదు

ఇటువంటి పొరపాటు మన వంటి చోట్లకే పరిమితం కాదు. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుండి మలగాకు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం కాక్‌పిట్ అద్దం ఆకాశంలో ఊడిపోయింది. కెప్టెన్ సగం శరీరం బయటకు లాగివేయబడగా, సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకుని కాపాడారు. విమానం సౌతాంప్టన్‌లో క్షేమంగా దిగింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ అద్దాన్ని అంతకుముందే కొత్తగా బిగించారు. బిగించిన 90 బోల్టులలో 84 వ్యాసంలో చిన్నవని, మిగిలిన 6 పొడవులో చిన్నవని దర్యాప్తులో తేలింది. వ్యాసంలో తేడా అంగుళంలో వెయ్యింట 26 వంతులు మాత్రమే. పాత బోల్టును చేతపట్టుకుని, కంటితో పోల్చి కొత్తవాటిని ఎంచుకున్నారు. అక్కడ పొరబడినది బోల్టు విషయంలో, ఇక్కడ బిట్టు విషయంలో. రెండుచోట్లా గుర్తును చదవడానికి బదులు చూపును నమ్మారు.

నంబర్ల సంగతి

జాతి తెలిసిన తరువాత నంబరు తెలియాలి. ఫిలిప్స్, పోజిడ్రివ్ రెండింటిలోనూ 0 నుండి 4 వరకు నంబర్లు ఉన్నాయి. మెట్రిక్ మర స్క్రూలకు సాధారణంగా వర్తించే లెక్క ఇది:

0 నంబరు – 1.6, 2 మి.మీ. స్క్రూలకు
1 నంబరు – 2.5, 3 మి.మీ. స్క్రూలకు
2 నంబరు – 3.5, 4, 5 మి.మీ. స్క్రూలకు
3 నంబరు – 6 మి.మీ. స్క్రూలకు
4 నంబరు – 8, 10 మి.మీ. స్క్రూలకు

ఇంటి పనులలో అధికభాగం 2 నంబరుతోనే సాగుతాయి. చేతికి అందిన 1 నంబరు బిట్టును 2 నంబరు గాడిలో పెట్టి తిప్పడం మనందరికీ ఉన్న దురలవాటు. చిన్న బిట్టు అడుగున మాత్రమే పట్టుకుని, గాడిని మధ్యలో తొలిచివేస్తుంది.

ఆచరణలో పెట్టవలసినవి

1. తిప్పడానికి ముందు స్క్రూ తలను చూడండి. నాలుగు సన్నని గీతలు ఉంటే పోజిడ్రివ్. చిన్న చుక్క ఉంటే జపాను రకం. జపాను వాహనమైతే చుక్క కనబడకపోయినా అనుమానించండి. ఏమీ లేకపోతే బహుశా ఫిలిప్స్.

2. బిట్టును గాడిలో నిలిపి, తిప్పకుండా అటూ ఇటూ ఆడించి చూడండి. సరైన బిట్టు కదలదు. గలగల ఆడితే నంబరు గాని, జాతి గాని తప్పు.

3. కోల్‌కతా తేమ గాలికి గాడిలో తుప్పు, పాత రంగు పేరుకుంటాయి. ముందు సూది మొనతో గాడిని శుభ్రం చేయండి. బిగుసుకుపోయిన స్క్రూకు తుప్పు వదిలించే నూనె చుక్క వేసి, కొంతసేపు ఆగి ప్రయత్నించండి.

4. మొన అరిగిన బిట్టును దాచుకోకండి. బిట్టు వెల స్వల్పం, అది పాడుచేసే స్క్రూల వెల అంత స్వల్పం కాదు.

5. తల అప్పటికే అరిగి ఉంటే బలప్రయోగానికి పోకండి. వెడల్పాటి రబ్బరు పట్టీని గాడి మీద పరచి, దాని మీదుగా బిట్టును గట్టిగా నొక్కి మెల్లగా తిప్పితే కొన్నిసార్లు వస్తుంది.

6. విద్యుత్ పరికరాలలో సరఫరా నిలిపి, నిలిచినదని పరీక్షించిన తరువాతనే స్క్రూడ్రైవరు పెట్టండి. టెర్మినల్‌కు ఎంత టార్క్ ఇవ్వాలో చాలా పరికరాల మీద ముద్రించి ఉంటుంది. కర్మాగారంలో ఆ పనిని చేతి అంచనాకు వదలక టార్క్ స్క్రూడ్రైవరుతో చేయాలి. బిగించిన తరువాత తీగను మెల్లగా లాగి చూడాలి.

7. ఇండెంటు వ్రాసే అధికారులకు నా ప్రత్యేక మనవి. ‘స్టార్’ అని వ్రాయకండి. జాతి, నంబరు, పొడవు, మూడూ వ్రాయండి.

పై మాట బజారుకూ వర్తిస్తుంది. చాందినీ చౌక్‌లో ఒక దుకాణదారుని పోజిడ్రివ్ 2 నంబరు బిట్టు అడిగితే, “స్టార్ తో స్టార్-ఇ, దాదా!” అన్నాడు. స్టార్ అంటే స్టారే కదా అని అతని భావం. నేను సొరుగు తీయించి, రెండు బిట్లను పక్కపక్కన పెట్టి చూపించాను. నెల తరువాత అదే దుకాణానికి వెళితే రెండింటినీ వేర్వేరు డబ్బాలలో వేసి, డబ్బాల మీద పేర్లు వ్రాసి ఉంచాడు.

పక్కింటి అబ్బాయికి ఒక పోజిడ్రివ్ స్క్రూడ్రైవరు ఇచ్చాను. చెడిన స్క్రూను రబ్బరు పట్టీ సాయంతో తీసి, కొత్తది బిగించి, తలుపును తనే సరిచేశాడు. తన సంచిలోని మిగిలిన స్క్రూడ్రైవర్లన్నింటికీ పిడి మీద కాగితం అంటించి పేర్లు వ్రాసుకున్నాడు. మన స్టోర్సులో, వర్క్‌షాపులో కూడా ఆ పని జరగాలి. పనిముట్టుకు సరైన పేరు ఉంటే పనివాడు అడగగలుగుతాడు. సరైనది అడిగినా మనం ఇవ్వకపోతే అప్పుడు తప్పు ఎవరిదో కాగితమే చెబుతుంది.

వచ్చే మాసం స్పానర్ల గురించి తెలుసుకుందాం.